కడప నుంచి సర్ఫ్ బోర్డుతో బయలుదేరే ముందు

కడపలో సముద్రం లేదు, ఎండ మాత్రం కావలసినంత. బోర్డుకు అలల కంటే ఆ ఎండే చేటు. చెన్నై దగ్గరి కోవళానికి కారు మీద కట్టుకుని వెళ్లేవారు ముందు రోజు రాత్రే ఇవి చూసుకోవాలి.

– తొడుగు బోర్డు కంటే రెండు మూడు అంగుళాలు పొడవుండాలి. బిగుతైతే జిప్పు ముక్కు దగ్గరే తెగుతుంది.

– వెండి పూత తొడుగే కదా అని మే నెలలో అద్దాలు మూసిన కారులో వదలకండి. బోర్డు లోపలి ఫోములోని గాలి వేడికి వ్యాకోచించి పైపొర బుడగలా లేస్తుంది. నా బోర్డుకు అరచేయంత లేచింది, దారిలో భోజనం చేసి వచ్చేసరికి! వేలితో నొక్కితే అప్పడంలా కరకరలాడింది.

– కాలు జారకుండా బోర్డు మీద పూసిన పాత మైనం గీకేయండి. కరిగితే తొడుగంతా జిగురు, దానికి ఇసుక అంటితే గరుకు కాగితమే.

– ఫిన్లు (బోర్డు అడుగున ఉండే రెక్కలు) ఊడదీసి గుడ్డలో చుట్టండి. మరలు చిన్న డబ్బాలో.

– బోర్డును కారు మీద కట్టే పట్టీ బకిల్ కింద పాత తువ్వాలు పెట్టండి. మరీ బిగిస్తే బోర్డు అంచు నొక్కుకుపోతుంది. పట్టీని ఒక మెలిక తిప్పి కట్టండి, గాలికి మోత తగ్గుతుంది.

తిరిగొచ్చాక బోర్డును తడి తొడుగులో దాచవద్దు. రెండింటినీ మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. జిప్పు పళ్లలో ఉప్పు మిగలకూడదు.