రేడియేషన్‌కు ముందు పిల్లలకు మత్తు: ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

క్యాన్సర్‌కు రేడియేషన్ (కిరణాల చికిత్స) ఇచ్చే గదిలో తోడు ఉండటానికి వీల్లేదు, పసిపిల్లలు కదలకుండా పడుకోలేరు. అందుకే వారానికి 5 రోజులు, కొందరికి 6 వారాల వరకు, ప్రతిసారీ మత్తు ఇస్తారు.

• కడుపు ఖాళీగా ఉండాలి. మత్తులో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. సాధారణంగా అన్నం, టిఫిన్, ఆవుపాలు, డబ్బాపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి. మీ మత్తు డాక్టరు వేరేగా చెబితే అదే పాటించండి. మొదటి రోజు అందరికీ గుర్తుంటుంది. పదిహేనో రోజు, ఏడుపు చూడలేక నానమ్మ చేతిలో పెట్టే బిస్కెట్టు ముక్కతోనే నా భయమంతా. తింటే దాచకండి, చెప్పేయండి. ఆ రోజు ఆలస్యమైనా సరే.

• నీళ్లు అనుమతించిన సమయం దాకా తాగించండి. రోజూ ఒళ్లు ఎండిపోతే బిడ్డ నీరసిస్తుంది. ఉదయం మొదటి వంతు అడగండి.

• పోర్ట్ (మందులు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) ఉన్న బిడ్డకు జ్వరం వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి ఫోన్ చేయండి. రక్తంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు.

• జలుబు, దగ్గు ఉంటే ముందే చెప్పండి. మత్తులో శ్వాసనాళాలు బిగుసుకోవచ్చు. అలాగని మీ అంతట మీరే మానేయకండి, విరామాలు చికిత్స బలాన్ని తగ్గిస్తాయి.

• ఊగే పన్ను ఉంటే చూపించండి, ఊడి గొంతులోకి జారవచ్చు.

• తిరుగు ప్రయాణంలో ఒక పెద్దవారు బిడ్డ ముఖాన్నే చూస్తూ కూర్చోవాలి. నిద్రమత్తులో తల ముందుకు వాలితే ఊపిరి అడ్డుపడుతుంది.