కుక్కర్ పేలి ఒళ్లు కాలితే కంపెనీ మీద కేసు వేయడం ఎలా

మన ఒడిశాలోని పర్లాకిమిడి వైపు చాలా ఇళ్లలో కుక్కరూ మిక్సీ పాతపట్నంలోనో శ్రీకాకుళంలోనో కొన్నవే. అమ్మాయికి సారెలో పెట్టినవైతే బిల్లు నాన్న పేరు మీదే ఉంటుంది. అందుకే అది పేలి చెయ్యి కాలినా "ఆంధ్రాలో కొన్నది, బిల్లు మన పేరున లేదు, ఎవర్ని అడుగుతాం" అని వదిలేస్తారు. వదలొద్దు. 2020 జులై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువు ఎక్కడ కొన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే, అంటే గజపతి జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లోనే (వినియోగదారుల కోర్టు), ఫిర్యాదు వేయొచ్చు. కొన్నవాళ్ల అంగీకారంతో వాడుకునేవాళ్లూ వినియోగదారులే, కాబట్టి సారె కుక్కరైనా పర్వాలేదు.

ముందు ఆస్పత్రి. చీటీలో "కుక్కర్ మూత ఎగిరి కాలింది" అని రాయించుకోండి. ఉత్త "కాలిన గాయం" అని ఉంటే, వేడి నూనె పడిందేమో అంటాడు రేపు కంపెనీ లాయరు.

అసలు సాక్ష్యం ఆ కుక్కరే. తోమొద్దు, పాత సామాన్ల వాడికి వేయొద్దు, షాపతను "కొత్తది ఇస్తాం, పాతది ఇచ్చేయండి" అని ఎంత మంచిగా అడిగినా ఇవ్వొద్దు, ఇచ్చారంటే చేతిలో ఉన్న ఆధారం పోయినట్టే. ఐఎస్ఐ గుర్తు, మోడల్ నంబరు, వంటింట్లో మూత తగిలిన చోటు ఫొటోలు తీసి, మూత, విజిల్, రబ్బరు, సేఫ్టీ వాల్వ్ ఉన్నవి ఉన్నట్టు సంచిలో కట్టి దాచండి. లోపం పరీక్షిస్తే గానీ తేలనిదైతే కమిషనే ల్యాబ్‌కి పంపిస్తుంది. మరి రబ్బరు పోయినప్పుడు సంతలో దొరికే డూప్లికేటు వేశారా? కంపెనీ మొదట పట్టుకునేది దాన్నే, ఎందుకంటే వస్తువును మార్చారనో తప్పుగా వాడారనో తేలితే తప్పించుకునే దారి చట్టంలోనే ఉంది. వేసి ఉంటే ముందే చెప్పేయండి, ల్యాబ్‌లో ఎలాగూ బయటపడుతుంది.

తయారీలో లోపమా, డిజైన్‌లోనా, జాగ్రత్తలు సరిగ్గా రాయకపోవడమా, మీ ఫిర్యాదు దేని మీదో స్పష్టంగా రాయండి. ముందు కంపెనీకి స్పీడ్ పోస్టులో ఓ నోటీసు పంపి రసీదు ఉంచుకుంటే మంచిది. తర్వాత ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్లో కమిషన్‌కి ఫిర్యాదు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఇక్కడ లెక్క మీరు కట్టిన ధరే, అడిగే పరిహారం కాదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు, కానీ ఒళ్లు బాగా కాలిన కేసైతే పెట్టుకోమనే నా సలహా. ఆస్పత్రి ఖర్చులు, పోయిన కూలి, పడ్డ బాధ అన్నీ కలిపి అడగండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే చెబుతారు, అయితే పరిహారం ఇప్పించేది కమిషనే. ఫిర్యాదు వేయడానికి గడువు 2 ఏళ్లు, కంపెనీ వాళ్లు "చూస్తున్నాం, చూస్తున్నాం" అంటూ ఎక్కువగా తినేసేది ఆ టైమునే.