చెనిక్కాయ చేన్లో పికాచు: ఒక్క ఏ4 కాగితంతో ఎనిమిది పేజీల బొమ్మల కథ

పోకెమాన్ ఆటల్లోని పసుపు ఎలుకలాంటి జీవి పికాచు. అది ఏ పుస్తకంలోకి వెళ్లినా ఆకారం మారదు, గుణమే మారుతుంది. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ యంత్రానికి వచ్చిన ఆటలో అది అడవిలో అరుదుగా ఎదురయ్యే 25వ నంబరు జీవి, అంతే. హిదెనోరి కుసాకా రాసిన 'పోకెమాన్ అడ్వెంచర్స్' కామిక్స్‌లో అంగళ్లలో తిండి ఎత్తుకుపోయే మొండి దొంగగా మొదలవుతుంది. తనను పట్టుకున్న హీరో రెడ్‌కే షాకు కొడుతుంది. కొసాకు అనకుబో కామిక్స్‌లోనైతే హీరోకు ముఖ్యమైన తోడు పికాచు కాదు, మనిషిలా మాట్లాడే క్లెఫెరీ అనే ఇంకో పోకెమాన్. అందుకే పెన్సిలు పట్టకముందే మీ పికాచు ఎలాంటిదో తేల్చుకోండి. ఆరేడేళ్ల పిల్లలకు దొంగ పికాచు బాగా పనికొస్తుంది. దొంగతనంతో కథ దానంతటదే నడుస్తుంది.

అనంతపురం చెనిక్కాయ (వేరుశనగ) చేన్లోకి దాన్ని దించితే ఎదురుగా శాండ్‌ష్రూ అనే పోకెమాన్‌ను నిలపండి. 27వ నంబరు జీవి ఇది. ఆటలో దీని గురించి రాసిందే నీళ్లకు దూరంగా, ఎండు నేలల్లో బొరియలు తవ్వుకుని బతుకుతుందని. మన ఎర్రనేలకు ఇంతకన్నా సరిపోయేది దొరకదు. భయపడితే అలుగులా ఉండ చుట్టుకుంటుంది. పైగా అది నేల జాతి, కరెంటు దెబ్బ దానిమీద పనిచేయదు. ఆ ఒక్క నియమమే మన కథకు మలుపు.

కాగితం మడత: ఏ4ను అడ్డంగా పరిచి, పొడవు వెంబడి ఒకసారి, వెడల్పున నాలుగు భాగాలుగా మడిచి విప్పండి. ఎనిమిది గళ్లు వస్తాయి. ఒక్కొక్కటి దాదాపు 74 మి.మీ. వెడల్పు, 105 మి.మీ. ఎత్తు. మధ్య రెండు నిలువు వరసల్లో మాత్రమే, నడిమి మడత వెంబడి కత్తిరించండి. ఈ చివర నుంచి ఆ చివరకు కోస్తే కాగితం రెండు ముక్కలవుతుంది, పుస్తకం రాదు. కింది వరసలో ఎడమ నుంచి 6, 7, 8, 1. పై వరసలో 5, 4, 3, 2, ఇవి తలకిందులుగా ఉండాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఖాళీ కాగితం ఒకటి ముందు మడిచి, అంకెలు వేసి, విప్పి పక్కన పెట్టుకుని గీస్తే తప్పు జరగదు. జిరాక్స్ మిషన్ అంచులను మింగేస్తుంది కాబట్టి చుట్టూ 5 మి.మీ. వదలండి.

పికాచు కొలతలు: ఆట లెక్కలో ఎత్తు 0.4 మీటర్లు, బరువు 6 కిలోలు. శాండ్‌ష్రూ 0.6 మీటర్లు, 12 కిలోలు. అంటే పికాచును 4 సెం.మీ. గీస్తే శాండ్‌ష్రూ 6 సెం.మీ. ఉండాలి. ఇద్దరినీ సమానంగా గీస్తే పికాచు ధైర్యం కనబడదు. చెవుల కొసలు నల్లగా, బుగ్గలు ఎర్రగా, వీపుమీద రెండు గోధుమరంగు పట్టీలు. చేతికి ఐదు వేళ్లు, కాలికి మూడు. తోక కొస నల్లగా వేయడం పిల్లలే కాదు, పెద్దలూ చేసే పొరపాటు. కొస పసుపే, మొదలు దగ్గరే గోధుమరంగు. ఆడ పికాచు తోక కొస గుండె ఆకారంలో చీలి ఉంటుంది. ఈ తేడా 2006లో వచ్చిన ఆటలతో మొదలైంది.

గీశాక బొటనవేలంత బొమ్మ వేసి పూర్తిగా నల్లగా నింపి చూడండి. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో రావణుణ్ణి పది తలల అంచు చూసే గుర్తుపడతాం కదా, అట్లే చెవులూ మెరుపు తోకా చూడగానే పికాచు అనిపించాలి. అనిపించకపోతే రంగులు వేసినా మార్పుండదు. చెవులు సాగదీయండి.

స్కెచ్‌పెన్నులైతే పసుపు ముందు, అది ఆరాక నల్లగీత. తిరగేస్తే నలుపు పసుపులోకి పాకి ఆకుపచ్చ మరకలవుతాయి. క్రేయాన్లకు మాత్రం గీతే ముందు, మైనం మీద సిరా పట్టదు. నలుపు-తెలుపు జిరాక్స్ తీయాలంటే ఎర్ర బుగ్గలు మసిబొట్లలా వస్తాయి. ఉట్టి సున్నాలుగా వదిలేసి, ప్రతులు వచ్చాక రంగు వేయించండి.

కథ పంపకం: 1 అట్ట. 2లో జేజి (అవ్వ) చెనిక్కాయ చెట్లు పీకుతుంటుంది. కాయలు వేళ్ల దగ్గర వేలాడాలి, కొమ్మలకు కాదు. మన పిల్లలు ఈ తప్పును ఇట్టే పట్టేస్తారు. 3లో కుప్ప వెనక రెండు నల్ల చెవికొసలు మాత్రమే కనిపించాలి. 4, 5 కలిపి ఒకే బొమ్మ: నేల చీల్చుకుని శాండ్‌ష్రూ, దానిమీదికి పికాచు మెరుపు. మెరుపుకు రంగు వద్దు, తెల్లకాగితం వదిలి చుట్టూ నల్లగీత చాలు. 6లో దుమ్ము, మధ్యలో చెక్కుచెదరని ఉండ. 7లో జేజి ఇద్దరికీ ఉడకబెట్టిన కాయలు పంచుతుంది. 8లో ఇద్దరి పేర్లు, ఎత్తు, బరువు.

పికాచు కరెంటు దాని బుగ్గల్లోనే నిలవ ఉంటుంది. కాబట్టి బోరు స్టార్టర్ పెట్టెను, తెగిన వైరును, ట్రాన్స్‌ఫార్మర్‌ను అది ముట్టుకున్నట్లు ఏ పేజీలోనూ గీయకండి. చేన్లలో తిరిగే పిల్లలు చదివే పుస్తకమిది.

మాటలు ముందు రాసి, తర్వాత బుడగ చుట్టండి. ముందే బుడగ గీస్తే వత్తులు, గుడులు గీతకు తగిలి చిక్కుపడతాయి. అక్షరం 4 మి.మీ., వరసకీ వరసకీ 8 మి.మీ., బుడగకు మూడు వరసలకు మించొద్దు. పికాచు "పికా!" తప్ప ఇంకేమీ అనకూడదు. కోపమో ఆకలో చెవులు, కళ్లు చెప్పాలి. జేజి మాత్రం మన మాటే మాట్లాడాలి: "ఎవుర్రా ఆడ? కాయలు కావాలంటే అడగరాదా?"