వరదల్లో ఆన్‌లైన్ స్టాటిస్టిక్స్: లెక్చరర్లు ముందే చూసుకోవాల్సినవి

గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల (నది మధ్య దీవుల) కాజ్‌వేలు ఒక్కోసారి మొదటి హెచ్చరికకు ముందే మునిగిపోతాయి. అప్పుడు కాలేజీ నుంచి ఒకటే మాట: "క్లాసులు ఆన్‌లైన్‌లో పెట్టేయండి." తెలుగో హిస్టరీయో అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. స్టాటిస్టిక్స్‌లో ఒక మెట్టు తప్పితే పై మెట్టు ఎక్కలేరు.

కాబట్టి అన్నిటికంటే ముందు సిలబస్ వరుస మార్చుకోండి. శాంపిలింగ్ డిస్ట్రిబ్యూషన్ (శాంపిల్ మారినప్పుడల్లా సగటు లాంటి ఫలితం ఎలా మారుతుందో చూపేది), స్టాండర్డ్ ఎర్రర్ (ఆ మార్పు ఎంతో చెప్పే కొలత) జూలై మొదట్లోనే బోర్డు మీద చెప్పేయాలి. ఇవి రాకపోతే హైపోథెసిస్ టెస్టింగ్ (ఒక ఊహ నిలుస్తుందో లేదో డేటాతో పరీక్షించడం) పిల్లలకు మంత్రంలా ఉంటుంది. ఇండెక్స్ నంబర్లు, టైమ్ సిరీస్ లాంటివి వరద వారాలకు అట్టిపెట్టుకోండి. అవి దేనికదే విడిగా నిలబడతాయి, ఒక క్లాసు పోయినా కొంప మునగదు. యూనివర్సిటీ ఇచ్చిన వరుసే పట్టుకుని వేలాడక్కర్లేదని నా అభిప్రాయం.

లైవ్ వీడియోను నమ్ముకోకండి. కరెంటు పోయిన కాసేపటికి టవర్ బ్యాటరీ కూడా దిగిపోతుంది. చేత్తో చేసిన లెక్క ఫొటో ఒకటి, దాన్ని వివరించే పది నిమిషాల ఆడియో ఒకటి గ్రూపులో పెడితే చాలు, సిగ్నల్ వచ్చినప్పుడు దింపుకుంటారు. ఆ టెస్టులకు కావాల్సిన జెడ్, టి టేబుళ్లు, డేటా ఫైళ్లు మాత్రం ఇప్పుడే అందరి ఫోన్లలోకి ఎక్కించేయండి.

ఆన్‌లైన్‌లో ఎక్కువ గొడవ పెట్టేది స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. ఒక ఊహా లెక్క చూడండి: అయిదు రోజుల ప్రవాహం లక్షల క్యూసెక్కుల్లో 4, 5, 6, 7, 25. ఎక్సెల్‌లో STDEV.S వాడినవాడికి 8.79, STDEV.P వాడినవాడికి 7.86 వస్తుంది. మొదటిది శాంపిల్‌కి, n−1తో భాగిస్తుంది; రెండోది మొత్తం డేటా చేతిలో ఉన్నప్పుడు, nతో (n అంటే అంకెల సంఖ్య). క్లాసులో అయితే పక్కవాడి నోట్సు చూసి అడుగుతారు. ఫోన్లో ఎవరి జవాబు వాళ్లది, తప్పెవరిదో తేలదు. ఏది వాడాలో ముందే రాసి పంపండి. ఇదే లెక్కలో సగటు 9.4, మీడియన్ (వరుసలో నడిమి అంకె) 6. ఆ 25 ఒక్కటే సగటును పైకి ఈడ్చింది. అలాగని దాన్ని అవుట్‌లయర్ (మిగతావాటికి దూరంగా పడ్డ అంకె) అని కొట్టేయనివ్వకండి. 1986లో 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన నది ఇది, ఇక్కడ అసలు సంగతి చెప్పేది ఆ పెద్ద అంకెలే.

"వందేళ్ల వరద" అంటే వందేళ్లకోసారే వస్తుందని పిల్లలు అనుకుంటారు. ఏటా 1 శాతం అవకాశం, అంతే. 30 ఏళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 26 శాతం దాకా ఉంటుందని వాళ్ల చేతే కట్టించండి. ఇల్లు మునిగిన పిల్లవాణ్ణి మాత్రం ఆ వారం నీటి లెక్కలు అడక్కండి.

పరీక్ష దగ్గర కాపీని ఆపాలని చూడటం దండగ. హాల్ టికెట్ నంబరులోని చివరి రెండంకెలను డేటాలో ఇంకో విలువగా చేర్చమనండి, ఒకరి జవాబు ఇంకొకరికి పనికిరాదు. జవాబు కింద దాని అర్థం సొంత మాటల్లో ఒక్క వాక్యం రాయమనండి. ఆ వాక్యానికి సగం మార్కులిచ్చినా తప్పు లేదు. గడువు గంటల్లో కాదు, రోజుల్లో పెట్టండి. వరద రోజుల్లో హాజరు లెక్క వేయబోమని ప్రిన్సిపాల్‌తో ముందే రాయించుకోండి. నవంబరు తుఫాన్లకూ ఆ కాగితం పనికొస్తుంది.