పాత ఫోన్‌ని బైక్‌కి దారి చూపించేలా బిగించే ముందు

ముందు ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, వేలితో నొక్కండి. బొంగరంలా ఊగిందా? బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. దాన్ని బండికి పెట్టొద్దు. మే నెల మధ్యాహ్నం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఎండకి మంచి ఫోనే కాలిపోతుంది, ఇక ఉబ్బినదాని సంగతి చెప్పాలా!

బ్యాటరీ బాగుంటే ఇవి చూసుకోండి:

• ఫోన్ రీసెట్ చేయండి. బ్యాంకు యాప్‌లు, ఫొటోలు అందులో ఉండకూడదు. పార్కింగ్‌లో మర్చిపోయే వస్తువు ఇది.

• సిమ్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. ఇంట్లో వైఫై ఉండగానే హైదరాబాద్ ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. ట్రాఫిక్ కావాలంటే మాత్రం మీరు రోజూ వాడే ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇవ్వాల్సిందే.

• మ్యాప్‌లో బైక్ గుర్తు ఎంచుకోండి. కారు గుర్తు మీద వదిలేస్తే మెహిదీపట్నం నుంచి ఎయిర్‌పోర్టుకి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కమంటుంది. దాని మీదకి, ఔటర్ రింగ్ రోడ్డు మీదకి టూవీలర్లని రానివ్వరు.

• ఛార్జర్ వైరుని బండి తాళంచెవి తీసేస్తే కరెంటు ఆగే లైనుకే కలపమని మెకానిక్‌కి చెప్పండి, మధ్యలో ఫ్యూజు ఉండాలి. నేను నేరుగా బ్యాటరీకి కలిపించుకుని, రెండు రోజులు బండి తీయకపోయేసరికి మూడోరోజు కిక్ కొట్టీ కొట్టీ చెమటలు కక్కాను.

• హోల్డర్ గట్టిగా బిగించి, గతుకుల రోడ్డు మీద ఒక రౌండు వేయండి. ఆ అదురుకి కొన్ని ఫోన్ల కెమెరాలు పాడవుతాయి. పాత ఫోనే కదా, పోనీండి.

• వాన మొదలైతే ఛార్జింగ్ పిన్ పీకేసి, ఫోన్ జేబులో పెట్టుకోండి.

అడ్రసు కొట్టడం మాత్రం బండి కదలకముందే.