సర్జరీ వీడియోలో ఇప్పుడు ఏ దశ నడుస్తోందో మోడల్‌కు నేర్పడం ఎలా

మొదలుపెట్టడానికి కోలెక్80 అనే డేటాసెట్ చాలు. స్ట్రాస్‌బర్గ్ ఆసుపత్రిలో 13 మంది సర్జన్లు చేసిన 80 గాల్‌బ్లాడర్ ఆపరేషన్ల వీడియోలు ఇవి, మొత్తం ఆపరేషన్‌ను 7 దశలుగా గుర్తించి ఇచ్చారు. కోడ్ రాయకముందే రెండు మూడు వీడియోలు మొదటి నుంచి చివరి దాకా కూర్చుని చూడండి, దయచేసి ఇది మాత్రం వదిలేయకండి.

తర్వాత సెకనుకు ఒక ఫ్రేమ్ చొప్పున తీసుకోండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: ఫ్రేములన్నీ కలిపేసి ట్రైన్ (నేర్పడానికి), టెస్ట్ (పరీక్షించడానికి) అని విడగొడతారు, దాంతో ఒకే ఆపరేషన్‌లోని పక్కపక్క ఫ్రేములు రెండు వైపులా చేరి, మోడల్ ఏమీ నేర్చుకోకపోయినా స్కోరు అద్భుతంగా కనిపిస్తుంది. అందుకే వీడియోల వారీగానే విడగొట్టండి. 2016లో వచ్చిన ఎండోనెట్ (ఆపరేషన్ దశల్ని గుర్తించే మోడల్) పేపర్‌లో 40 ట్రైనింగ్‌కి, 40 టెస్ట్‌కి వాడారు.

ముందు బొమ్మల్ని గుర్తించే రెస్‌నెట్-50 అనే న్యూరల్ నెట్‌వర్క్‌తో ఒక్కో ఫ్రేమ్ ఏ దశలోదో గుర్తించనివ్వండి. పొగ కమ్మినప్పుడు, లెన్స్‌కి రక్తం అంటినప్పుడు అది తడబడుతుంది, మనకైనా ఆ ఒక్క బొమ్మ చూస్తే తెలియదు కదా, కాబట్టి ముందు జరిగింది గుర్తుపెట్టుకునే ఎల్‌ఎస్‌టీఎమ్ లాంటిది పైన జోడించాలి. థియేటర్‌లో సర్జన్‌కి అప్పటికప్పుడు సాయపడాలంటే రాబోయే ఫ్రేములు మోడల్‌కి చూపించకూడదు.

మొత్తం యాక్యురసీ ఒక్కటే చూసి సంతోషపడొద్దు. క్లిప్పులు వేసి కోసే దశ చిన్నది, కానీ పొరపాటున గాల్‌బ్లాడర్ నాళం (సిస్టిక్ డక్ట్) బదులు ప్రధాన పిత్తనాళం తెగితే రోగి ఏళ్ల తరబడి బాధపడతాడు. ఆ దశ ఎఫ్1 స్కోరు (తప్పుగా పట్టినవీ, పట్టకుండా వదిలేసినవీ రెండూ లెక్కలోకి తీసుకునే కొలత) విడిగా రాసి పెట్టుకోండి, తప్పు పడిన ఫ్రేములు ఒక సర్జన్‌కి చూపించండి.