దసరా దాటాక కుక్కకు జ్వరమా? ఇంట్లో ఉన్న మాత్ర వేయకండి

మా వీధి చివరింట్లో నాలుగేళ్ల లాబ్రడార్ దసరా వెళ్లిన వారంలోనే చనిపోయింది. వచ్చింది టిక్ ఫీవర్, అంటే గోమార్లు (రక్తం తాగే పిడుదులు) కుట్టడంతో వచ్చే జ్వరం. దానికి మందుంది, వేళకు పట్టుకుంటే చాలా కుక్కలు బతికి బట్టకడతాయి. ఆ లాబ్రడార్ అన్నం మానేసిన రోజు రాత్రి, ఒళ్లు కాలిపోతోందని ఇంట్లోవాళ్లు తాము వాడే నొప్పుల మాత్ర సగం వేశారు. మర్నాడు మిగతా సగం. మూడో రోజు ముక్కులోంచి రక్తం కారుతుంటే ఆసుపత్రికి పరుగెత్తారు. ప్రేమ లేక కాదు, ప్రేమతోనే వేశారు. అందుకే ఇది రాస్తున్నాను.

మంచినీళ్లు పెట్టండి, స్నానం చేయించాక తడి తుడవండి లాంటివి కుక్కను పెంచేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. వినాయక చవితి నుంచి కార్తీకం చివరిదాకా ప్రతి ఏడూ కుక్కల ప్రాణాలు తీస్తున్న పొరపాటు వేరే ఉంది. మనిషి మాత్ర కుక్కకు వేసి, రేపు చూద్దాంలే అనుకోవడం.

గోమార్లు

వానలు తగ్గి, నేల ఇంకా తడిగా ఉండి, మళ్లీ ఎండ కాసే ఈ రోజులు గోమార్లకు పండగ. కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో ఇంకో విడత వానలు పడతాయి కాబట్టి అక్కడ ఈ బెడద మరికొన్నాళ్లు సాగుతుంది. కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారి గడ్డిలోనే ఉంటుందనుకోకండి. రక్తం తాగి చిన్న ఆముదపు గింజలా ఉబ్బిన ఆడది కుక్క మీంచి దిగి గోడ పగుళ్లలోనో, తలుపు చట్రం వెనకో, కుక్క పడుకునే గోనెసంచి కిందో గుడ్లు పెడుతుంది. ఒక్కోటి నాలుగు వేల దాకా పెట్టగలదు. కుక్కను మాత్రమే శుభ్రం చేసి గోడల్ని వదిలేస్తే పదిహేను రోజుల్లో మళ్లీ మొదటికొస్తారు.

రోజూ సాయంత్రం వెలుతురులో కూర్చోబెట్టుకుని చూడండి. చెవి మడతల లోపల, కాలి వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద, తోక మొదట్లో. కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా, తిన్నగా లాగండి. సబ్బు నీళ్లలో వేయండి. గోళ్లతో నలపొద్దు. అగ్గిపుల్లతో కాల్చొద్దు. కిరసనాయిలు పుయ్యొద్దు.

నెలకో, మూడు నెలలకో ఒకటి వేసే గోమార్ల మాత్రలు ఇప్పుడు దొరుకుతున్నాయి. బరువును బట్టి డాక్టరు చెప్పినదే వేయండి. కుక్కకు ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.

మాత్ర

గోమారి కాటుతో వచ్చే జ్వరాల్లో మన దగ్గర ఎక్కువగా చూసేవి ఎర్లికియా, బాబీసియా. ఎర్లికియా తెల్ల రక్తకణాల్లో దూరి, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లను పడగొడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు అవి సుమారు రెండు నుంచి అయిదు లక్షలుంటాయి. ఈ జబ్బులో వేలల్లోకి దిగజారతాయి. ఇక ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల మాత్రలు కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. రక్తం గడ్డకట్టని ఒంట్లో కడుపు పుండు పడితే ఏమవుతుందో ఆలోచించండి.

పారాసిటమాల్ మంచిదే కదా అంటారు. అయిదు కిలోల పొమెరేనియన్‌కు ఒక్క 650 మాత్ర వేస్తే కిలోకు 130 మిల్లీగ్రాములు పడ్డట్టు. కాలేయం పాడవడానికి అది చాలు.

ఇంకో ప్రమాదం, మాత్రతో ఒళ్లు చల్లబడి కుక్క నాలుగు ముద్దలు తింటుంది. తగ్గిపోయిందని మీరు నిశ్చింతగా పడుకుంటారు. లోపల జబ్బు అలాగే ఉంటుంది.

అసలు ముట్టుకుని జ్వరమని తేల్చకండి. మన 98.6 లెక్క దానికి పనికిరాదు. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీలు మామూలే, కాబట్టి మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. పై పెదవి ఎత్తి చిగురు చూడండి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్లీ గులాబీరంగు రావాలి. చిగురు పాలిపోయినా, పచ్చబడినా, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు కనిపించినా, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చినా ఆ పూటే బయల్దేరండి. ఇవేవీ లేకపోయినా ఒక రోజంతా అన్నం ముట్టకుండా మూలన పడుకుంటే రక్తపరీక్ష చేయించండి. మాత్ర వేసి చూద్దాం అనొద్దు.

ఇంకా

– ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. వారానికే గెంతులేస్తోందని ఆపేయకండి. అన్నంతో కలిపి ఇవ్వండి, పాలతో వద్దు.

– పశువుల మీద పోసే గోమార్ల మందు అందాజుగా నీళ్లలో కలిపి కుక్క మీద పోయకండి. నాకితే ప్రాణం పోవచ్చు.

– కుక్కలకు వాడే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి విషం. ఇంట్లో రెండూ ఉంటే డాక్టరుకు చెప్పండి.

– నిలవ నీళ్లు తాగనివ్వకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది, అది మనకూ అంటుకుంటుంది. ఏడాదికోసారి వేయించాల్సిన టీకా వేయించారా?

– పండగ మాంసం ఎముకలు పెట్టకండి. ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకుంటుంది.

– కిస్‌మిస్ వేసిన పాయసం, లడ్డూ, చాక్లెట్లు పెట్టకండి. కొంచెమే అని కూడా వద్దు.

– దీపావళి రోజు చీకటి పడకముందే తిప్పి తీసుకొచ్చి, కిటికీలు మూసిన గదిలో ఉంచండి. మెడపట్టీకి ఫోన్ నంబరు కట్టండి. నిద్రమాత్ర వేయకండి. అదీ మనిషి మాత్రే.

– గట్ల మీద తిప్పేవాళ్లు గొలుసు వదలకండి. పాము కరిస్తే కోయొద్దు, కట్టొద్దు, నడిపించొద్దు. ఎత్తుకుని పరుగెత్తండి.

– వీధి కుక్కలకు అన్నం పెట్టే అమ్మలు, అయ్యలు, రొట్టెలో జ్వరం మాత్ర పెట్టి ఇవ్వకండి. మీది మంచి మనసే, మందు మాత్రం అది కాదు.

– మెడికల్ షాపతన్ని కుక్కకు మందు అడగకండి.

– నిరుడు రాసిన చీటీతో ఈ ఏడు మందు కొనకండి.

– ఇప్పటికే ఏదైనా మాత్ర వేసేశారా? డాక్టరు దగ్గర దాచకండి. ఏ మాత్ర, ఎంత, ఎన్ని గంటలకు వేశారో చెప్పండి, ఖాళీ రేకు వెంట తీసుకెళ్లండి. తిట్టినా పర్లేదు, చెప్పండి. అది తెలియకపోతే ఆయన ఇంకో నొప్పుల ఇంజెక్షన్ వేసే ప్రమాదముంది.